సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కోనసీమ: రాత్రి బయల్దేరాలా, తెల్లవారుజామునా?

#1 కోనసీమ_కొబ్బరాకు

భోగి ముందు రోజు ఎల్బీనగర్ నుంచి అమలాపురం బయల్దేరుతున్నాం. హ్యాచ్‌బ్యాక్ కారు. నలుగురు పెద్దవాళ్లం, మూడేళ్ల పాప. నడిపేది ఒక్కరే. ఇంట్లో రెండు మాటలు నడుస్తున్నాయి. రాత్రి పదకొండుకి బయల్దేరితే రోడ్డు ఖాళీగా ఉంటుందని ఒక మాట, మూడింటికి లేచి పోదామని ఇంకో మాట. హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు హైవే బాగా తెలిసినవాళ్లు చెప్పండి. బండిలో ఏమేం చూపించుకోవాలో కూడా రాస్తే మేలు.

#2 నైట్‌సర్వీస్

రెండూ వద్దండి.

రాత్రి పదకొండుకి బయల్దేరితే చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్ రద్దీ దాటి సూర్యాపేట చేరేసరికి రెండు, రెండున్నర అవుతుంది. రెండు నుంచి ఐదు దాకా ఒళ్లు నిద్ర కోరే వేళ. పగలంతా ఆఫీసు చేసి, సామాన్లు సర్ది, బండెక్కిన మనిషికి ఆ వేళలో రెప్ప మూతపడేది తనకే తెలియదు. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు కన్ను మూస్తే 66 మీటర్లు చూడకుండా నడిపినట్టు.

మూడింటికి బయల్దేరితే నకిరేకల్, కేతేపల్లి, సూర్యాపేట మధ్యకి ఐదు, ఆరు గంటలకి చేరతారు. మూసీ పరివాహకం, రెండు పక్కలా చెరువులు, తడి పొలాలు. జనవరిలో మంచు గట్టిగా పట్టేది సరిగ్గా అప్పుడే. ఒక కిలోమీటరు తేటగా ఉంటుంది, వాగు దగ్గర దిగగానే తెల్లటి గోడ. నందిగామ, కీసర మునేరు దగ్గరా ఇదే తంతు.

వీలుంటే ఇంకో రోజు ముందే కదలండి. రాత్రి తొమ్మిదిన్నరకి పడుకుని, ఏడు గంటలు నిద్రపోయి, పొద్దున ఆరున్నర ప్రాంతంలో ఎల్బీనగర్ దాటండి. పంతంగి దగ్గర ఎంత ఆగినా ఆగేది వెలుగులో. చిట్యాల దాటేసరికి మంచు విడిపోతుంది. అక్కడి నుంచి ఒక లెక్క పెట్టుకోండి: మధ్యాహ్నం ఒంటిగంటన్నరలోపు విజయవాడ ముందున్న గొల్లపూడి దాటితే అమలాపురం దాకా వెళ్లండి. దాటలేదా, ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో రాత్రికి ఆగిపోండి. ఈ నిర్ణయం ఇంట్లో ఉండగానే అందరికీ చెప్పి ఒప్పించండి. బండిలో కూర్చున్నాక "ఇంకెంత, రెండు గంటలేగా" అనే మాట ఎవరో ఒకరు అంటారు, నడిపేవాడు కాదనలేడు.

అసలు ప్రమాదం టోల్ దగ్గర క్యూలో లేదు, క్యూ విడిపోయాక ఉంది. పంతంగి దగ్గర గంటన్నర పోయిందని చిట్యాల నుంచి అందరూ తొక్కుతారు. లెక్క చూడండి: 100 కిలోమీటర్ల దూరాన్ని 80 మీద వెళ్తే 75 నిమిషాలు, 100 మీద వెళ్తే 60 నిమిషాలు. మిగిలేది పావుగంట. పోయిన గంటన్నర ఎలాగూ తిరిగి రాదు. అది పోయిందని రాసేసుకుని బయల్దేరండి.

#3 టైర్ల_మేస్త్రి

బండి సంగతి నేను రాస్తాను. సర్వీసింగ్ బయల్దేరే ముందు రోజు చేయించకండి, వారం ముందు చేయించి ఊళ్లో ఓ వంద కిలోమీటర్లు తిప్పండి. బోల్టు వదులుగా ఉన్నా, బ్రేకు పీకుతున్నా ఊళ్లోనే తెలిసిపోతుంది.

టైర్లు ఇలా చూడండి:

ముందు వయసు. టైరు పక్క గోడ మీద దీర్ఘవృత్తంలో నాలుగంకెలు ఉంటాయి. 3519 అంటే 2019లో 35వ వారం తయారీ. ఆరేళ్లు దాటితే గాట్లు బాగున్నా హైవేకి వద్దు, రబ్బరు ఎండిపోతుంది. పక్క గోడని బొటనవేలితో నొక్కి వంచి చూడండి, వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తే మార్చేయండి. స్టెప్నీ అంకెలు కూడా చూడండి. బండితో వచ్చిన స్టెప్నీ పదేళ్లయినా కొత్తగానే కనిపిస్తుంది. అదే మోసం.

తర్వాత గాటు లోతు. గాటు అడుగున చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. టైరు అరిగి వాటితో సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చినట్టు. అక్కడితో టైరు పని అయిపోయింది. లోపలి అంచు ఒకటే అరిగి ఉంటే అలైన్‌మెంట్ తప్పింది. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి చూస్తే ఆ అంచు కనిపిస్తుంది.

ఇక గాలి. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. అందులో రెండు వరసలు: ఇద్దరు ముగ్గురు ఉంటే ఎంత, నిండు బరువుతో ఎంత. మీరు చూడాల్సింది రెండోది. వెనక టైర్లకి మామూలుకన్నా మూడు నాలుగు పీఎస్‌ఐ ఎక్కువే రాసి ఉంటుంది. గాలి చూసేది టైరు చల్లగా ఉన్నప్పుడు. రాత్రంతా ఆగిన బండికో, రెండు మూడు కిలోమీటర్లకి మించి నడవని బండికో. దారిలో వేడి టైరుకి 37 చూపించిందని గాలి తీసేస్తారు చూశారా, అదే చేటు. చల్లారాక ఉండాల్సినదానికన్నా కిందికి పడిపోతుంది.

టైరు పేలేది గాలి ఎక్కువై అనుకుంటారు. చాలావరకు తక్కువై. గాలి తక్కువ ఉంటే పక్క గోడ ప్రతి చుట్టుకీ మడత పడి లేస్తుంది. గంటలకొద్దీ ఆ మడతే వేడి పుట్టిస్తుంది. లోపలి తీగలు రబ్బరు నుంచి విడిపోతాయి. దానికి తోడు ఎక్కువ బరువు, ఎక్కువ వేగం.

పేలితే బ్రేకు జోలికి పోకండి. స్టీరింగ్ రెండు చేతులా గట్టిగా పట్టి నిటారుగా ఉంచండి, యాక్సిలరేటర్ నుంచి కాలు నెమ్మదిగా తీయండి, వేగం 40కి పడ్డాక ఎడమకి రండి. పేలిన చక్రం వైపు బండి లాగుతుంది. భయపడి బ్రేకు తొక్కితే అటే గిర్రున తిరుగుతుంది.

#4 కోనసీమ_కొబ్బరాకు

@టైర్ల_మేస్త్రి గారూ, నైట్రోజన్ పెట్టిస్తే మంచిదంటున్నారు. ఇంకోటి, వెనక ముగ్గురు, డిక్కీ నిండా సామాను. సరిపోతుందా?

#5 టైర్ల_మేస్త్రి

నైట్రోజన్ పెట్టించినా నష్టం లేదు. గాలి కాస్త నిదానంగా తగ్గుతుంది. కానీ నైట్రోజన్ ఉందని చూసుకోవడం మానేస్తే మామూలు గాలే నయం.

బరువు లెక్క ఇదీ. బండి పుస్తకంలో మొత్తం అనుమతించిన బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేయండి. చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో 400 కిలోలకి అటూ ఇటూ వస్తుంది. నలుగురు పెద్దవాళ్లు 65 చొప్పున 260. పాప, పాప సీటు కలిపి 25. ఇక సామానుకి మిగిలేది 115 కిలోలు. వెళ్లేటప్పుడు సరిపోతుంది. వచ్చేటప్పుడు బియ్యం బస్తాలెత్తుతారు కదా, అప్పుడు ఈ లెక్క మళ్లీ వేసుకోండి. సీఎన్‌జీ సిలిండర్ ఉంటే దాని బరువు కూడా ఖాళీ బండిలో కలపాలి.

ఎవరూ పట్టించుకోని మీట ఒకటి ఉంది. స్టీరింగ్‌కి కుడివైపు కింద 0, 1, 2, 3 అని చిన్న చక్రం. వెనక బరువు పడితే బండి తోక దిగి ముక్కు లేస్తుంది. హెడ్‌లైట్ డిమ్‌లో ఉన్నా ఎదుటివాడి కళ్లలోకే కొడుతుంది, మీకేమో మీ ముందున్న రోడ్డు చీకటి. ఒక్కరే ఉంటే 0. నిండుగా మనుషులు, సామాను ఉంటే 2 లేక 3. సాయంత్రం ఒక గోడకి ఎదురుగా పది మీటర్లలో బండి ఆపి, ఎవరినైనా తిప్పమని చెప్పి చూడండి. వెలుగు గీత గోడ మీద జానెడు కిందికి దిగుతుంది.

#6 హైవే_విద్యార్థి

మంచులో నాలుగు ఇండికేటర్లూ వేసుకుని పోతే వెనకవాడికి కనిపిస్తాం కదా? అందరూ అలాగే పోతున్నారు.

#7 నైట్‌సర్వీస్

కదిలే బండికి నాలుగు ఇండికేటర్లు వేయొద్దు తమ్ముడూ. రెండు కారణాలు. మీరు లేను మారుతున్నారో లేదో వెనకవాడికి తెలిసే దారి పోతుంది. రెండోది, నాలుగూ వెలిగితే ఆగి ఉన్న బండి అనుకుని వాడు చటుక్కున పక్క లేనులోకి తిప్పుతాడు. ఆ నాలుగూ వేయాల్సిన చోటు వేరే ఉంది: పంతంగికి రెండు మూడు కిలోమీటర్ల ముందు క్యూ తోక కనిపించినప్పుడు. వేగం తగ్గిస్తూ వేయండి, మీ వెనక ఇంకో రెండు బండ్లు ఆగేదాకా ఉంచండి. ఆగేటప్పుడు ముందు బండి వెనక చక్రాలు రోడ్డుని తాకేచోటు కనిపించేంత ఎడం ఉంచండి, వెనకవాడు ఆగేలా లేడని అద్దంలో కనిపిస్తే పక్కకి జరగడానికి పనికొస్తుంది.

మంచులో చేయాల్సినవి: డిమ్ లైటు, ఉంటే ఫాగ్ లైట్లు. హై బీమ్ వేస్తే నీటి బిందువుల మీద పడి మన కళ్లకే తిరిగొస్తుంది. అద్దం లోపల ఆవిరి పట్టిందా, బయట పట్టిందా అని వేలితో రాసి చూడండి. లోపలైతే ఏసీ వేసి గాలిని అద్దం మీదికి మళ్లించండి, వేడి కాస్త పెంచండి, బయటి గాలి మీట తెరవండి. బయటైతే వైపర్ ఒకసారి తిప్పి ఏసీ చల్లదనం తగ్గించండి.

ఎడమ అంచు తెల్ల గీత పట్టుకుని పోవడం చాలామందికి అలవాటు. ఈ రోడ్డు మీద అది ప్రాణం తీస్తుంది. మార్జిన్‌లో లారీలు ఆగి ఉంటాయి, తోక లైటు లేకుండా. ఎడమ లేనులోనే ఉండండి కానీ చూపు కుడి పక్కనున్న చుక్కల గీత మీద పెట్టండి, దాన్ని మీ కుడి చక్రానికి దగ్గరగా ఉంచుకుంటూ పోండి.

పొడి రోడ్డు మీద, మంచి బ్రేకులతో, మనిషి తేరుకునే ఒకటిన్నర సెకను కలుపుకుని బండి ఆగడానికి పట్టే దూరం:

60 మీద దాదాపు 45 మీటర్లు
80 మీద దాదాపు 70 మీటర్లు
100 మీద దాదాపు 100 మీటర్లు

డిమ్ లైటులో మనకి స్పష్టంగా కనిపించేది 50, 60 మీటర్లు. అంటే రాత్రి డిమ్‌లో 80 మీద పోయేవాడు చూసినదాని దగ్గర ఆగలేడు. మంచులో ఎదుటి బండి 50 మీటర్లలో మాయమవుతుంటే 40 దాటొద్దు. అదీ కనిపించకపోతే పెట్రోలు బంకులోకో, దాబా ఆవరణలోకో పూర్తిగా లోపలికి వెళ్లి ఆగండి. మార్జిన్‌లో ఆగితే ఇందాక చెప్పిన లారీ మీరే అవుతారు.

#8 పాపాయి_అమ్మ

మూడేళ్ల పాప అన్నారు కాబట్టి. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం అందరూ చేసేదే, కానీ 15 కిలోల పాపని పట్టుకుని ఉండగా బండి 60 మీద నుంచి సెకనులో పదో వంతులో ఆగితే చేతుల మీద పడే బలం దాదాపు 250 కిలోల బరువుకి సమానం. ఏ తల్లీ పట్టుకోలేదు. ఒళ్లో పాపకీ మనకీ కలిపి ఒకే బెల్టు పెట్టడం ఇంకా ఘోరం, మన బరువంతా పాప మీద పడుతుంది.

పాప సీటు వెనక వరసలో, ఎడమవైపు పెట్టండి. ఎక్కించడం, దించడం రోడ్డు వైపు కాకుండా మార్జిన్ వైపు జరుగుతుంది. ఐసోఫిక్స్ కొక్కేలు (పాప సీటు బిగించడానికి కారులోనే ఉండేవి) సీటు మడతలో వేలు పెడితే తగులుతాయి. అవి లేకపోతే కారు బెల్టుతో బిగించి, సీటు మీద మోకాలు ఆన్చి, బెల్టు లాగండి. బిగించాక సీటుని బెల్టు దూరేచోట పట్టి ఊపితే అంగుళానికి మించి కదలకూడదు. పాప భుజాల పట్టీల కింద ఒక వేలు దూరాలి, రెండు దూరితే వదులు. చలికాలం కదా, లావుపాటి స్వెట్టర్ మీద పట్టీ వేస్తే బిగుతుగా అనిపిస్తుంది కానీ స్వెట్టర్ నలిగాక జారిపోతుంది. పట్టీ వేశాకే దుప్పటి కప్పండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో వెనక్కి తిరిగి ఉండే పాప సీటు ఎప్పుడూ పెట్టకూడదు.

14 ఏళ్లలోపు పిల్లలకి బెల్టో, పిల్లల సీటో లేకపోతే 1000 రూపాయల జరిమానా ఉంది, మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్. వెనక కూర్చున్న పెద్దవాళ్లకీ బెల్టు తప్పనిసరే. బెల్టు లేని వెనక మనిషి ముందు సీటు మీదికి వెళ్లి గుద్దుతాడు. ముందువాళ్లు బెల్టు పెట్టుకున్నా వాళ్ల మెడ, నడుము పోయేది అలాగే. మామ్మగారికి బెల్టు మెడకి ఒరుసుకుంటుంటే నడుము వెనక దిండు తీసేసి కాస్త ఎత్తుగా కూర్చోబెట్టండి. బెల్టుని చంక కిందికి మాత్రం నెట్టకండి.

వెనక అద్దం దగ్గర పలక మీద అరిసెల డబ్బా, నీళ్ల బాటిళ్లు పెట్టకండి. స్టీలు డబ్బా తలకి తగిలితే రాయే.

#9 నిర్వాహకులు

అంశం హైదరాబాద్–కోనసీమ అయినా బస్సులు, బైకుల వాళ్లు కూడా అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే రాయండి. వేరే చర్చ తెరవొద్దు. పాత జాం ఫొటోలు ఈరోజువని పెట్టినవి రెండు తీసేశాం.

#10 గుంటూరు_మిర్చి

మేం గుంటూరు వైపు. పంతంగి మీదుగా రాకుండా ఏ దారి?

#11 నైట్‌సర్వీస్

మీకు నాగార్జునసాగర్, మాచర్ల, పిడుగురాళ్ల మీదుగా ఉంది. ఒంగోలు, నెల్లూరు వాళ్లకి పంతంగి దాటాక నార్కట్‌పల్లి దగ్గర కుడికి తిరిగి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, అద్దంకి, మేదరమెట్ల. సికింద్రాబాద్, ఉప్పల్ వైపు వాళ్లు ఘట్‌కేసర్, భువనగిరి, వలిగొండ, రామన్నపేట మీదుగా చిట్యాలలో తేలొచ్చు, పంతంగి తప్పుతుంది. ఒక్క మాట: డివైడర్ లేని రోడ్ల మీద ఎదురెదురు గుద్దుకోవడమే పెద్ద ప్రమాదం. ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లకి రంగు ఉండదు. పత్తి, గడ్డి ట్రాక్టర్లకి వెనక లైటు ఉండదు. ఆ దారులు పగలే వెళ్లండి.

ఫాస్టాగ్ రీఛార్జ్ ముందు రోజే చేసుకోండి. బ్లాక్‌లిస్టులో పడిన ట్యాగుకి టోల్ గేటు దగ్గరికొచ్చాక డబ్బు వేసినా వెంటనే తీసుకోదు. మీ ఒక్క బండి ఆగితే వెనక యాభై బండ్లు. గేటుకి 200 మీటర్ల ముందే లేను ఎంచుకోండి, ఆఖరి క్షణంలో గీతలు దాటుకుంటూ అడ్డం పడకండి. గేటు దాటాక పది లేన్లు మళ్లీ రెండవుతాయి. గీతలుండవు, అందరూ ఒకేసారి తొక్కుతారు. నాలుగైదు సెకన్లు ఆలస్యంగా కదలండి.

#12 టూవీలర్_వాలా

బైకు మీద రెండు మూడు వందల కిలోమీటర్లు పోయేవాళ్లు చాలామందే ఉంటారు. వెలుగులోనే పోండి. గంటకోసారి ఆగి దిగండి, చలిగాలికి వేళ్లు మొద్దుబారితే బ్రేకు లివర్ మీద పట్టు తెలియదు. చేతి తొడుగులు తప్పనిసరి. హెల్మెట్ ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 4151 అంకె ఉన్నది, ఇద్దరికీ. పట్టీ పెట్టాక గడ్డం కింద రెండు వేళ్లు దూరితే సరి. చీర కొంగు, చున్నీ నడుముకి చుట్టేయండి, శారీ గార్డు ఉన్నా సరే.

తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలుంటే 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది: పిల్లకి హెల్మెట్, నడిపేవారికి పిల్లని కట్టి ఉంచే జీను పట్టీ, వేగం 40 లోపు. 40 మీద హైవేలో ఊరెళ్లలేరు. అంటే పిల్లతో బైకు మీద హైవే ఎక్కొద్దనే దాని అర్థం. బస్సెక్కించండి.

ఇక మాంజా. హైదరాబాద్‌లో బయల్దేరే ఆ నాలుగు రోజులూ గాలిపటాలే. సింథటిక్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా దొరుకుతోంది. ఫ్లైఓవర్ల మీద, చెరువు కట్టల మీద మెడ ఎత్తులో వేలాడుతుంది, కంటికి కనిపించదు. హెల్మెట్ అద్దం కిందికి దించండి. మెడకి మందపాటి మఫ్లర్ రెండు చుట్లు, లేదా తోలు కాలర్. హ్యాండిల్‌కి రెండు అద్దాల బోల్టుల దగ్గర బిగించే వంపు తిరిగిన ఇనుప కడ్డీ బైకు సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది, తల ఎత్తుదాకా ఉండాలి. దారం తగిలినట్టు అనిపిస్తే చేత్తో లాగకండి, వేళ్లు తెగుతాయి. బ్రేకు వేసి ఆగండి. పిల్లల్ని ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టి తిప్పడం ఈ వారం పూర్తిగా మానేయండి.

#13 స్లీపర్_బెర్త్

కారు లేనివాళ్ల మాటేంటి? పండక్కి ప్రైవేట్ స్లీపర్‌లే దొరుకుతున్నాయి. ఎక్కాక ఏం చూసుకోవాలి?

#14 నైట్‌సర్వీస్

2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర 45 మంది, 2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో 19 మంది ప్రయాణికులు బస్సు మంటల్లో పోయారు. రెండూ తెల్లవారకముందే, జనం గాఢనిద్రలో ఉండగా. మంట అంటుకున్నాక మిగిలేది ఒకటి రెండు నిమిషాలు. పరుపులు, పరదాలు, రెగ్జిన్ కాలితే వచ్చే పొగే ముందు మనిషిని పడేస్తుంది. అందుకని ఎక్కగానే ఈ పనులు చేయండి:

అత్యవసర ద్వారం ఎక్కడుందో చూసి, మీ బెర్త్ నుంచి అక్కడికి ఎన్ని బెర్త్‌లో చేత్తో తడుముతూ లెక్కపెట్టండి. పొగలో కళ్లు పనిచేయవు, ఆ లెక్కే దారి. అద్దం పగలగొట్టే సుత్తి ఉందా? లేకపోతే డ్రైవర్‌ని అడగండి, అడగడానికి మొహమాటం వద్దు. అద్దం మధ్యలో కొడితే సుత్తి ఎగిరొస్తుంది, మూలలో కొట్టాలి. కిందికి దూకేముందు కాళ్లు ముందు వేలాడదీసి జారండి. పొగ పడితే పాకుతూ పోండి. బ్యాగు కోసం వెనక్కి తిరగొద్దు. నడవాలో సూట్‌కేసులు, మూటలు ఉంటే కదిలే ముందే కింద డిక్కీలో పెట్టించండి. చెప్పులు, ఫోను తల పక్కన ఉంచుకోండి.

రాత్రంతా నడిపే బస్సుకి రెండో డ్రైవర్ ఉన్నాడా అని టిక్కెట్ కొనేటప్పుడే అడగండి. ఒక్కడే అంటే వేరే బస్సు చూసుకోండి.

#15 రవాణా_రూల్స్

తెల్ల నంబరు ప్లేటు కారులో మనిషికింత అని తీసుకుని ఎక్కించుకునేవాళ్లు పండక్కి పుట్టుకొస్తారు. సొంత వాడకం బీమా మీద కిరాయికి తిప్పితే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ చెల్లించనని వాదిస్తుంది, కోర్టులో ఏళ్లు పడుతుంది. కిరాయి బండి అంటే పసుపు ప్లేటు, నల్ల అక్షరాలు. మనమే నడుపుకునే అద్దె కారుకి నల్ల ప్లేటు, పసుపు అక్షరాలు. ఎక్కే ముందు చూసేది ఆ ఒక్కటే.

నాలుగు లేన్ల డివైడర్ హైవే మీద కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం కారుకి 100, బస్సుకి 90, బైకుకి 80. బోర్డు మీద అంతకన్నా తక్కువ ఉంటే బోర్డుదే చెల్లుతుంది. వంతెనల పనులు జరిగేచోట సర్వీసు రోడ్డు మీదికి మళ్లిస్తారు. అక్కడ ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు, ట్రాక్టర్లు ఉంటాయని అనుకునే నడపండి.

మద్యం సంగతి: రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. రాత్రి పన్నెండు దాకా తాగి పొద్దున ఆరింటికి స్టీరింగ్ పట్టినవాడికి ఒంట్లో ఇంకా ఉంటుంది. స్నానం, కాఫీ దాన్ని తగ్గించవు. ఒళ్లు దాన్ని తగ్గించేది గంటల లెక్కన.

#16 గోల్డెన్_అవర్

అంబులెన్సు పని చేసేవాళ్ల తరఫున రాస్తున్నా.

ఫోన్ చేసేటప్పుడు చెప్పాల్సింది మూడు ముక్కలు. ఎక్కడ, ఎటువైపు, ఎందరికి దెబ్బలు. "సూర్యాపేట దాటాక" అంటే మాకు ముప్పై కిలోమీటర్లు వెతుక్కోవాలి. పసుపు తల ఉన్న కిలోమీటరు రాయి మీది అంకె చెప్పండి. విజయవాడ వైపు వెళ్లే రోడ్డా, హైదరాబాద్ వైపు వచ్చే రోడ్డా అన్నది తప్పకుండా చెప్పండి. మధ్యలో డివైడర్ ఉంది. తప్పు వైపు వస్తే యూటర్న్ కోసం చాలా దూరం పోయి తిరిగి రావాలి. అంబులెన్సుకి 108, పోలీసుకి 112, జాతీయ రహదారి సాయానికి 1033. బండి చెడి లేనులో ఆగినా 1033కే.

దెబ్బ తగిలినవాళ్లని ఆటోలో కుక్కి తీసుకుపోవద్దు. వెన్నెముక విరిగి ఉంటే ఆ మడతతోనే కాళ్లు పడిపోతాయి. నిప్పు, ఎదురొచ్చే లారీ లాంటి ముప్పు ఉంటేనే కదపండి. రక్తం చిమ్ముతుంటే శుభ్రమైన గుడ్డ మడత పెట్టి అరచేత్తో నొక్కిపట్టండి, అంబులెన్సు వచ్చేదాకా మధ్యలో తీసి చూడకండి. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకోటి వేయండి. నీళ్లు, టీ తాగించొద్దు. ఆపరేషన్ అవసరమైతే కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి ఆడుతున్న బైకు మనిషి హెల్మెట్ పీకొద్దు.

సాయం చేసినవాళ్లని పోలీసు కేసులో ఇరికించకూడదని చట్టంలోనే ఉంది, 134ఎ సెక్షన్. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు. 2025 మేలో వచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకి, ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు చికిత్స నిర్దేశించిన ఆసుపత్రుల్లో ఉంది. డబ్బు కడితేనే చేర్చుకుంటామంటే ఈ పథకం పేరు చెప్పండి.

బండి చెడితే ఎడమవైపు తలుపుల నుంచి దిగి, అందరూ ఇనుప కమ్మీ అవతలకి వెళ్లి నిలబడండి. ఆగిన బండిలో కూర్చోవడం, వెనకాల నిలబడి టైరు మార్చడం, ఈ రెండింట్లోనే జనం పోతున్నారు. ఎర్ర త్రికోణం బండికి ఆనించి పెడితే పనికిరాదు. వంద అడుగులు వేసి పెట్టండి, రాత్రయితే ఇంకా దూరం.

#17 కోనసీమ_కొబ్బరాకు

ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. రెండు రోజుల ముందే, పొద్దున ఆరున్నరకి అని ఖాయం చేశాం. పాప సీటు కొన్నాం. రావులపాలెం దాటాక కాలువ గట్టు రోడ్లంటే ఇంట్లో నడిపేవారికి అలవాటు లేదు. దాని గురించి ఎవరైనా?

#18 డెల్టా_గట్టు

ఉందండి. హైవే అంతా జాగ్రత్తగా వచ్చి ఇంటికి పది కిలోమీటర్లలో కాలువలో పడిన బండ్లు మా వైపు తక్కువేం కాదు.

గట్టు రోడ్డు వంపులు కాలువని బట్టి ఉంటాయి, రోడ్డు లెక్క ప్రకారం కాదు. చాలాచోట్ల పక్కన గోడ లేదు, రెయిలింగ్ లేదు. అంచున గడ్డి పెరిగి తారు ఎక్కడ ఆగిందో తెలియదు. గడ్డి కింద మట్టి మెత్తన. ఎదురుగా బస్సొస్తే ఎడమ చక్రాలు గడ్డిలోకి దించకండి. వెడల్పైన చోటు చూసి ముందే ఆగి దారివ్వండి. సాయంత్రం ఐదున్నర తర్వాత కాలువ మీద మంచు లేస్తుంది. పండగ రోజుల్లో కోడిపందేల బరుల దగ్గర రోడ్డుకి రెండు పక్కలా బైకులు నిలిపి ఉంటాయి, మధ్యలో జనం నడుస్తుంటారు. 30 దాటకండి.

నీళ్లలో పడితే మొదటి నిమిషమే అంతా. ఫోన్ తీయొద్దు. బెల్టు విప్పండి, కిటికీ దించండి, పిల్లల్ని ముందు తోయండి, తర్వాత మీరు. పవర్ విండో నీళ్లలో కాసేపు పనిచేస్తుంది, ఆ కాసేపులోనే దించేయాలి. తలుపు తెరవాలని చూడకండి, బయటి నీటి ఒత్తిడికి రాదు, వస్తే నీళ్లు ఒక్కసారిగా లోపలికొస్తాయి. అద్దం దిగకపోతే పక్క అద్దాన్ని మూలలో కొట్టండి. ముందు అద్దం రెండు పొరలది, పగలదు. అద్దం పగలగొట్టి బెల్టు కోసే చిన్న పరికరం దొరుకుతుంది. డాష్‌బోర్డు అరలో కాదు, డ్రైవర్ చెయ్యి తగిలేచోట కట్టి ఉంచండి. పాప పట్టీ విప్పే ఎర్ర మీట వెనక కూర్చున్నవాళ్లకి రెండుసార్లు అలవాటు చేయించండి. చీకట్లో, తడి చేత్తో అది తేలికగా రాదు.

#19 నైట్‌సర్వీస్

తిరుగు ప్రయాణం గురించి ఎవరూ అడగలేదు. కనుమ తర్వాత వచ్చే ఆదివారం అందరూ ఒకేసారి వెనక్కి వస్తారు. చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి మూడు టోల్ గేట్ల దగ్గరా క్యూ. ఇటువైపు వచ్చేటప్పుడు రోడ్డు పడమటి వైపు తిరిగి ఉంటుంది. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా సూర్యుడు నేరుగా కళ్లలోకి కొడతాడు, సూర్యాపేట నుంచి చౌటుప్పల్ దాకా అదే బాధ. అద్దం లోపలి వైపు మురికి ఉంటే మొత్తం తెల్లగా మారిపోతుంది. తడి గుడ్డతో, తర్వాత పొడి న్యూస్‌పేపర్‌తో లోపలివైపు తుడిచి బయల్దేరండి. ఆ వేళకి రోడ్డు దాటే మనిషి నీడలా కూడా కనిపించడు. వేగం 60కి దించండి, లేదా ఆ గంటన్నర ఎక్కడైనా ఆగి టీ తాగండి.

పండగంతా నిద్రలేక, కడుపు నిండా తిని ఉంటారు. మధ్యాహ్నం భోంచేసి వెంటనే స్టీరింగ్ పట్టొద్దు. ఆవలింతలు వరసగా వస్తుంటే, దాటొచ్చిన ఊరి బోర్డు గుర్తు రాకపోతే అప్పుడే ఆగాలి. కాఫీ తాగి, సీటు వాల్చి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుకోండి. మీరు లేచేసరికి కాఫీ పనిచేయడం మొదలవుతుంది. జలుబు మాత్రలు వేసుకుంటే నిద్ర తెస్తాయి, ఆరోజు స్టీరింగ్ ముట్టుకోకండి.

#20 టైర్ల_మేస్త్రి

బస్తాలెక్కించేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. 25 కిలోల బస్తాలు మూడంటే 75 కిలోలు. డిక్కీలో అడుగున, వెనక సీటుకి పూర్తిగా ఆనించి పెట్టండి. డిక్కీ తలుపు వైపు పెడితే తోక ఇంకా దిగుతుంది, ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. కొబ్బరికాయలు గోనెసంచిలో కట్టి బస్తాల మీద కాకుండా పక్కన. బెల్లం బుట్ట పైన. సీటు వెనక భాగం తాళం పడిందో లేదో రెండు చేతులా లాగి చూడండి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు బస్తా సీటుని నెట్టుకుంటూ వచ్చి పాప వీపు మీద పడుతుంది. పచ్చళ్ల జాడీలు కాళ్ల దగ్గర పెడతారు, డ్రైవర్ కాళ్ల దగ్గరికి మాత్రం దొర్లకుండా చూడండి. బ్రేకు పెడల్ కింద దూరితే అది పూర్తిగా దిగదు.

అన్నీ ఎక్కించాక, కదిలే ముందు గాలి మళ్లీ చూసి, ఆ లైటు చక్రం 3 మీదికి తిప్పండి. ఇంటికొచ్చి బస్తాలు దించాక 0కి తేవడం మర్చిపోకండి.

#21 కోనసీమ_కొబ్బరాకు

ఇప్పుడే పార్కింగ్‌లోకి వెళ్లి చూశాను మేస్త్రి గారూ. స్టెప్నీ మీద 2214 అని ఉంది. రేపు పొద్దున్నే మార్పిస్తున్నాను.